తలుపు మీద రాయలే

మా నాయిన గోడల మీద రాసేటోడు.
కల్వకుర్తి నుంచి దేవరకొండ తొవ్వ పొడుగునా
పత్తి గింజలు, టీ పొడి, బీడీ కట్టలు,
ఇద్దరు చాలన్న సర్కారు మాట,
అన్నీ ఆయన చేతి రాతే.
ముందుగాల గోడాయన ఒప్పుకోవాలె,
ఆనక సున్నం, ఆనక దారం పట్టి గీత,
ఆనకనే అక్షరం.
ఒత్తుల కాడ కుంచె ఊపిరి పట్టేది.

నేను గోడ లేని కాడ రాస్తున్న.
జిరాక్స్ షాపు మీది గదిల
ఇన్వర్టర్ కూత నడుమ కూసొని
మా తాలూకా వార్తల సైటుకు యాడ్లు పెడుత.

కంటి ఆపరేషనై
పచ్చగుడ్డ కట్టుకున్న దినాలల్ల అడిగిండు నాయిన,
"ఏం రాస్తవు బిడ్డా? ఏడ రాస్తవు?"

చెప్పిన.
బ్యానరంటే నెత్తి మీది పొడుగు పట్టీ, బట్టల షాపుది.
ఎవ్వరూ సూడరు.
సూడకున్నా వెయ్యి మందికి ఇంతని లెక్క.
నొక్కితే ఇంకింత,
నొక్కేటోళ్ళల్ల వేలు జారినోళ్ళే ఎక్కువ.
"సూడనోళ్ళకు గూడ పైసలా!"
గుడ్డ కిందికెల్లి నవ్విండు.

స్టికీ అని ఒకటుంటది,
ఫోను అడుగున పల్లేరుకాయ లెక్క,
ఎంత దూరం జరిపినా పాదం ఇడువది.
నేటివంటే వార్త అంగీ తొడుక్కొని
వార్తల నడుమ కూసునే ప్రకటన.
ప్రాయోజితమని గోరంత రాసుంటది మూలకు.
"ఎరుకైంది.
పిల్లోళ్ళకు పిల్లగానోళ్ళమని,
పిల్లగానోళ్ళకు పిల్లోళ్ళమని చెప్పి
బంతిల తిని పోయేటోడు."

వీడియో ముందర వచ్చేదాని గురించి చెప్పలే.
డిండి కాలువల కొట్టుకపోయిన పోరని తల్లి
గట్టు మీద మన్ను కొట్టుకుంటున్న వీడియో,
దానికి ముందు అయిదు సెకన్లు సబ్బు నురగ.
దాటెయ్యొచ్చు, అయిదు లెక్కపెట్టినంక.

ఆఖరికి ఇంటర్‌స్టీషియల్.
నాకూ నోరు తిరగది.
వార్త తెరుస్తుంటెనే తెర నిండ అడ్డం నిలవడతది.
మూసే ఇంటూ గుర్తు నువ్వుగింజంత,
తెల్లదాని మీద తెల్లగ.
అన్నిటికన్నా దానికే పైసలెక్కువ.

నాయిన శానసేపు మాట్లాడలే.
"అది తలుపు మీద రాసుడు గద బిడ్డా.
వెల్దండల ఒక సేటు రెండింతలిస్తనన్నడు,
ఇంటి తలుపు మీద రాయుమని.
రాయలే.
మనుషులు లోపటికి పోయే జాగ అది."

నేను రాస్తున్న గద. రోజూ రాస్తున్న.
కరెంటు బిల్లు దాంతోనే కడుతున్న,
ఆ పచ్చగుడ్డ గూడ దాని పైసలదే.
ఆ మాట నోటి దాక వచ్చి ఆగింది.

ఆ వారమే నకిలీ గింజల వార్త పెట్టినం.
తండాల కేతావత్ చాందీబాయి,
మూడెకరాలు, రొమ్ములెత్తు చేను,
ఒక్క కాయ లేదు.
పీకిన చెట్టును చంటిపిల్లను పట్టినట్టు పట్టి నిలవడ్డది ఫొటోల.
ఆ ఫొటో కింద, ఆమె మాటకూ మాటకూ నడుమ,
మిషను తనంతట తనే తెచ్చి పెట్టింది:
పత్తి గింజల ప్రకటన,
ఈ ఏడు తెల్ల బంగారమేనట.
మిషనుకు పత్తి అన్న మాట దొరికింది,
ఏడుపు దొరకలే.

తీసేసిన.
డబ్బా మాత్రం పోలే.
పైన "ప్రకటన" అని సన్నగ,
కింద ఏమీ లేని తెల్ల జాగ.
"నలభయి రూపాయలు పాయె," అన్నడు మా మొయిజ్ సాబు,
అని, తీసినదాన్ని మళ్ళ పెట్టుమనలే.

తెల్లారి ఫోను.
"మేడం, పత్తి వార్తల నడుమ
గా తెల్ల జాగ ఖాళీగున్నట్టుంది,
నెలకెంత?"

ఎవరన్నడు నాయిన.
గోడ అడుగుతున్నరన్న.
గుడ్డ సదురుకుంట అన్నడు,
"సున్నం ఇంకా ఆరలేదని చెప్పు."